పరుగు కూడా ఒక విద్యే

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని మన పెద్దలు ఏనాడో తీర్పు చెప్పేశారు. ఆశకు పోయి ఆయాసపడేవాళ్ళ నుద్దేశించి చెప్పిన మాట అది. కాని మనవాళ్ళు దానిని అక్షరాలా పాటించి, బడి వదిలిన నాటినుంచీ పరుగెత్తడమే మానుకున్నారు. నలభై ఏండ్ల పెద్దమనిషి వీధిలో పరుగెత్తుతూ కనిపిస్తే, "ఏమైందండీ, ఇంట్లో అంతా క్షేమమేనా?" అని అడిగేవాళ్ళే గాని, ఆరోగ్యం కోసం పరుగెత్తుతున్నాడేమోనని అనుకునేవాళ్ళు మొన్నమొన్నటిదాకా బహుతక్కువ.

ఇప్పుడు కాలం మారింది. తెల్లవారుజామున అయిదు గంటలకు సూర్యాపేటలో సద్దుల చెరువు కట్టమీదికి గాని, కోదాడలో పెద్దచెరువు వైపు గాని, మిర్యాలగూడలో ఎన్.ఎస్.పి. క్యాంపు మైదానానికి గాని వెళ్ళి చూడండి. రెండు రకాల మనుషులు కనిపిస్తారు. మొదటి రకం ఇరవై ఏండ్ల కుర్రవాళ్ళు, ఆడపిల్లలు. వాళ్ళకు ఉద్యోగం కావాలి. రెండో రకం నలభై దాటినవాళ్ళు. వాళ్ళకు డాక్టరుగారు చక్కెర వ్యాధి సంగతి చెప్పి, ఒళ్ళు తగ్గించమన్నారు. మొదటివాళ్ళు మొదటి రోజునే బాణంలా దూసుకుపోతారు. రెండోవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ నాలుగడుగులు వేసి, టీ కొట్టు దగ్గర తేలుతారు. చిత్రమేమిటంటే, ఈ ఇద్దరిలో ఎవరూ పరుగును నేర్చుకోవలసిన విద్యగా ఎంచరు. ఈత నేర్చుకోవాలంటే నడుముకు బెండు కట్టుకుంటాం. సైకిలు నేర్చుకోవాలంటే వెనకాల పట్టుకునేవాడు కావాలి. పరుగుకు మాత్రం కాళ్ళుంటే చాలుననుకుంటాం.

చాలవు. అందుకే పరుగు మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది రెండు వారాలకే కాలికి పట్టీ కట్టుకుని ఇంట్లో కూర్చుంటారు. దానికి మనం పెట్టుకున్న పేరు ఆరంభశూరత్వం. నిజానికి అక్కడ లోపించింది పట్టుదల కాదు, పద్ధతి.

నాలుగు చుట్లలో ఉద్యోగం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో కుర్రవాడి జీవితంలో మొదటి పరుగుపందెం ఏదంటే, నూటికి తొంభైపాళ్ళు అది పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో పెట్టే పరీక్షే. తెలంగాణలో 2022 నాటి పోలీసు నియామకాలలో పురుషులకు 1600 మీటర్ల దూరం 7 నిమిషాల 15 సెకన్లలోనూ, స్త్రీలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలోనూ పూర్తిచేయాలని నిబంధన పెట్టారు. రాతపరీక్ష మొదటి మెట్టు దాటి, ఇంట్లోవాళ్ళు అప్పోసప్పో చేసి కట్టిన కోచింగు ఫీజు చెల్లిపోయి, చివరికి ఒక్క సెకను ఆలస్యంగా గీత దాటితే ఆ ఏడాది శ్రమంతా గంగపాలే. సైన్యంలో అగ్నివీరుల ఎంపిక ఇంకా కఠినం. 2022లో అది ప్రారంభమైనప్పుడు 1600 మీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోగా ముగించినవారికే పరుగులో పూర్తి మార్కులు.

ఈ అంకెలను చూసి బెదరనక్కరలేదు, లెక్క వేసుకుంటే చాలు. మైదానంలో ఒక చుట్టు 400 మీటర్లు. 1600 మీటర్లంటే నాలుగు చుట్లు. 7 నిమిషాల 15 సెకన్లను నాలుగుతో భాగిస్తే చుట్టుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు వస్తుంది. ఆడపిల్లలకైతే రెండు చుట్లు, చుట్టుకు 2 నిమిషాల 40 సెకన్లు. ఇది గంటకు 9 కిలోమీటర్ల వేగం. జోరుగా నడిచేవాళ్ళు గంటకు 6 కిలోమీటర్లు నడుస్తారు గనుక, ఇది కొండ ఎక్కడమేమీ కాదు.

మరి తప్పేవాళ్ళు ఎందుకు తప్పుతున్నారు? ఈల వేయగానే పక్కవాడు దూకుతాడు. వాడిని చూసి మనవాడూ దూకుతాడు. మొదటి చుట్టు 1 నిమిషం 20 సెకన్లలో అయిపోతుంది. ఇరవై ఎనిమిది సెకన్లు మిగిలాయని మనవాడి సంతోషం. కాని ఒంటి లెక్క వేరు. ఊపిరితో అందే ప్రాణవాయువు చాలని వేగంతో పరుగెత్తినప్పుడు, కండరాలు ప్రాణవాయువుతో పనిలేని మరొక పద్ధతిలో కొంత శక్తిని తయారుచేసుకుంటాయి. అది అత్యవసరంలో వాడుకునే చేబదులు వంటిది. త్వరలోనే తీర్చవలసి వస్తుంది. మూడో చుట్టులో తొడలు బరువెక్కి, అడుగు పొట్టిదై, పరుగు నడకగా మారుతుంది. మొదటి చుట్టులో మిగిల్చిన ఇరవై ఎనిమిది సెకన్లకు నలభై సెకన్లు వడ్డీతో సహా చెల్లించుకోవాలి.

మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపల పరుగెత్తడం మానవుడి వల్ల కాదని ఒకప్పుడు చాలామంది అనుకునేవారు. 1954 మే 6న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో రోజర్ బానిస్టర్ అనే వైద్యవిద్యార్థి 3 నిమిషాల 59.4 సెకన్లలో దానిని పూర్తిచేశాడు. ఆయన ఒంటరిగా దూకలేదు. ఇద్దరు స్నేహితులు, క్రిస్ బ్రాషర్, క్రిస్ చాటవే, వంతులవారీగా ముందు పరుగెత్తి వేగాన్ని నిలకడగా ఉంచారు. అంతటివాడే వేగాన్ని చుట్లకు పంచుకుని పరుగెత్తగా, మనం మొదటి చుట్టులోనే మూట విప్పేయడం న్యాయమా? సాధన చేసేటప్పుడే ఒక స్నేహితుడిని గడియారంతో గీత దగ్గర నిలబెట్టి, ప్రతి చుట్టుకూ కాలం చెప్పించుకోండి. మొదటి చుట్టు 1 నిమిషం 45 సెకన్ల కంటే ముందు వస్తే, "నిదానం!" అని కేకవేయమనండి.

మొదటి రోజే పరుగెత్తకండి

ఇక రెండో రకంవారి సంగతి. ఆఫీసులో కుర్చీ, దుకాణంలో గల్లాపెట్టె, ఇంట్లో టీవీ తప్ప ఎరగని శరీరాన్ని పరుగుకు అలవాటు చేయడమెలా? నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మాగాణులయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుపడ్డది. అన్నానికి లోటు లేదు. కాని నాటినుంచి నేటిదాకా మోటారు సైకిళ్ళు, ట్రాక్టర్లు, కోత మిషన్లు ఒకటొకటిగా వచ్చి, ఒంటికి పని తగ్గింది. తాతగారు తిన్నంత అన్నం మనం తింటున్నాం. తాతగారు నడిచినంత దూరం మాత్రం నడవడం లేదు.

కొత్తవాళ్ళను పరుగులోకి దించే పద్ధతులలో బాగా ప్రచారం పొందినదానిని 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు తయారుచేశాడు. తొమ్మిది వారాలలో, వారానికి మూడు రోజుల సాధనతో, ఎన్నడూ పరుగెత్తనివారు 5 కిలోమీటర్ల దాకా రావడం దాని ఉద్దేశం. దానిలోని కిటుకు ఒక్కటే: నడకలో పరుగును కొంచెం కొంచెంగా కలపడం, పాలలో తోడు వేసినట్లు.

మన ఇండ్లలో ఈ విధంగా చేసుకోవచ్చు. ముందుగా అయిదు నిమిషాలు చురుకుగా నడవండి. తరవాత ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఏడెనిమిది సార్లు. చివర మళ్ళీ అయిదు నిమిషాలు నడక. సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకుంటే మధ్యలో విశ్రాంతి దొరుకుతుంది. రెండు వారాలు గడిచాక పరుగు రెండు నిమిషాలు, నడక రెండు నిమిషాలు. తరవాత పరుగు మూడు, నడక ఒకటి. ఏ వారమైనా కష్టమనిపిస్తే ఆ వారాన్నే మళ్ళీ చేయండి. ఎవరూ మార్కులు వేయరు. రెండు మూడు నెలలకు అరగంట ఆగకుండా పరుగెత్తే రోజు దానంతటదే వస్తుంది.

ఎంత వేగంతో? దీనికి గడియారం అక్కరలేదు. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్లు. మాట మాటకూ ఊపిరి అందకపోతే వేగం హెచ్చినట్లు. పాట పాడగలుగుతుంటే మరికొంచెం కదలవచ్చు. భార్యాభర్తలు కలిసి పరుగెత్తితే ఈ పరీక్ష మరీ సులువు. మాటలకు కొదవుండదు గదా!

"ఇంత మెల్లగా పరుగెత్తితే లాభమేమిటి?" అని అడగవచ్చు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే కొత్త శ్రమకు అలవాటు పడతాయి. ఎముకలు, కీళ్ళను పట్టి ఉంచే నరాలవంటి తాళ్ళు అంత త్వరగా గట్టిపడవు, వాటికి నెలలు పడుతుంది. అందువల్ల నాలుగో వారంలో గుండె "ఇంకా పోదాం" అంటుంది, మోకాలి కింది ఎముక "ఆగు" అంటుంది. కొత్తవాళ్ళు గుండె మాట విని ఎముక మాట పెడచెవిని పెట్టడం వల్లనే దెబ్బతింటారు. పరుగెత్తిన మర్నాడు, మూడోనాడు పిక్కలలో వచ్చే తీపులు సహజం. నాలుగైదు రోజులకు పోతాయి. కాని ఎముకమీద ఒకేచోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి మంచిది కాదు. అది కనిపిస్తే పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి.

నలభై దాటినవారు, రక్తపోటు, చక్కెర వ్యాధి ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చిన చరిత్ర ఉన్నవారు ముందుగా డాక్టరు సలహా పొందడం తప్పనిసరి. చక్కెరకు ఇన్సులిను గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి పరుగులో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉన్నది. జేబులో నాలుగు చక్కెర బిళ్ళలో, చాక్లెట్టో ఉంచుకోండి. ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్ళు తిరగడం వీటిలో ఏది కనిపించినా అక్కడికక్కడే ఆగిపోవాలి. "ఈ చుట్టు పూర్తిచేసి చూద్దాం" అనే పౌరుషం పనికిరాదు.

ఎండ, రోడ్డు, కుక్క

మన ప్రాంతంలో పరుగుకు ముగ్గురు శత్రువులు. మొదటిది ఎండ. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు కొత్తగాదు. ఆ రోజులలో తెల్లవారకముందే పని ముగించాలి. ఒళ్ళు వేడికి అలవాటు పడడానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది గనుక, ఎండాకాలం ఆరంభంలో దూరం, వేగం రెండూ తగ్గించండి. కొత్తగా మొదలుపెట్టేవారికి దసరా వెళ్ళిన తరవాత వచ్చే చలికాలం అనువైనది. పరుగెత్తుతున్నవాడు తూలినా, తిక్కతిక్కగా మాట్లాడినా వడదెబ్బగా అనుమానించాలి. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద చల్లటి నీళ్ళు కుమ్మరిస్తూ 108కి ఫోను చేయాలి. నీళ్ళు దాహమైనప్పుడల్లా తాగండి. అలాగని బిందెలు తాగడమూ ప్రమాదమే, రక్తంలోని ఉప్పు పలచబడుతుంది. పరుగు తరవాత ఉప్పు వేసిన మజ్జిగను మించినది లేదు.

రెండో శత్రువు రోడ్డు. సూర్యాపేట, కోదాడ పట్టణాలు రెండూ హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిని అంటుకుని ఉన్నాయి. ఆ రహదారిమీద పరుగు నేర్చుకోవడం ఆత్మహత్యాసదృశం. కాలేజీ మైదానం, చెరువుకట్ట, కాలువగట్టు ఉండగా లారీలతో పోటీ ఎందుకు? తప్పనిసరిగా ఏదైనా రోడ్డుమీద పరుగెత్తవలసి వస్తే కుడిపక్కన, వచ్చే బండ్లు కళ్ళకు కనిపించేటట్లు పరుగెత్తండి. చీకట్లో తెల్లబట్టలు వేసుకోండి. చెవులలో పాటలు పెట్టుకోకండి.

మూడో శత్రువు వీధికుక్క. పరుగెత్తేవాడిని తరమడం దాని స్వభావం. అది వెంటపడితే పరుగు పెంచకుండా, ఆగి నెమ్మదిగా నడవండి. పరుగు ఆగితే దాని ఉత్సాహం చాలావరకు చల్లబడుతుంది. కరిచిందా, పుండును సబ్బుతో పావుగంటసేపు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

బూట్ల విషయంలో బడాయి వద్దు. ఇథియోపియాకు చెందిన అబేబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్సులో వట్టికాళ్ళతోనే మారథాన్ గెలిచాడు. మన శివనాథ్ సింగ్ కూడా వట్టికాళ్ళ వీరుడే. 1978లో జలంధరులో 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ పూర్తిచేసి ఆయన నెలకొల్పిన జాతీయ రికార్డు దశాబ్దాల తరబడి చెక్కుచెదరలేదు. అయితే అటువంటి అరికాళ్ళు ఏండ్ల అలవాటుతో వస్తాయి గాని ఒక్క వారంలో రావు. మనకు మామూలు పరుగు బూట్లు మంచివి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి.

అమ్మాయి పరుగెత్తితే...

ఇంట్లో ఎక్కువ చర్చ జరిగేది ఇక్కడే. అబ్బాయి నాలుగింటికి లేచి మైదానానికి పోతే "బుద్ధిమంతుడు" అంటారు. అమ్మాయి అదే పని చేస్తే, "నలుగురూ ఏమనుకుంటారు?" అంటారు. ఈ నలుగురు మనకు మాత్రమే ఉన్నారనుకోకండి. అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో 1967లో కాథరీన్ స్విట్జర్ అనే యువతి 261 నంబరు తగిలించుకుని పరుగెత్తుతుంటే, పందెం అధికారి ఒకాయన ఆమెను పట్టుకుని లాగివేయబోయాడు. ఆమె పూర్తిచేసింది. ఒలింపిక్సులో స్త్రీలకు మారథాన్ పెట్టడానికి 1984 దాకా, అంటే మరి పదిహేడేండ్లు పట్టింది.

అంతదూరం పోనక్కరలేదు. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో కూలిపని చేసుకునే కుటుంబంలో పుట్టిన దీప్తి జీవాంజిని చిన్నతనంలో ఊళ్ళో వెక్కిరించేవారు. ఆమె 2024 మేలో జపానులోని కోబేలో 400 మీటర్ల దూరాన్ని 55.07 సెకన్లలో ముగించి, తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సులో కంచు పతకం గెలుచుకున్నది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 2022లో 13 సెకన్ల లోపల ముగించి, ఆ పని చేసిన మొదటి భారతీయ మహిళ అయింది.

మీ అమ్మాయి పతకాలు తేనక్కరలేదు. తెలతెలవారగా తోడుకు ఒక స్నేహితురాలో, పక్కన నడిచే తల్లో ఉంటే చాలు. తల్లి నడక, కూతురు పరుగు ఒకే మైదానంలో సాగుతాయి. డాక్టరుగారి సలహా తల్లికి, ఉద్యోగం కూతురికి, ఒకే ఖర్చుతో రెండూ నెరవేరతాయి.

పందెం రోజున

సాధన కుదిరిన తరవాత ఒక పందెంలో పేరు ఇవ్వడం మంచిది. తేదీ కళ్ళముందు ఉంటే బద్ధకం దగ్గరికి రాదు. పటేల్ జయంతి అయిన అక్టోబరు 31న 2014నుంచి దేశమంతటా ఐక్యతా పరుగులు జరుపుతున్నారు. 2023 జూన్ 12న దశాబ్ది ఉత్సవాలలో తెలంగాణ రన్ పేరుతో రాష్ట్రమంతటా పరుగు పెట్టారు. మన పట్టణాలలో ఏదో ఒక సందర్భంలో జరిగే రెండు కిలోమీటర్ల పరుగులు తొలిమెట్టుగా బాగుంటాయి. పెద్ద పందెం చూడాలనుకుంటే హైదరాబాదు మారథాన్ ఉన్నది. ఏటా ఆగస్టు నెలాఖరులో జరిగే దానిలో 10 కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది. వానాకాలపు ఉక్క, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు అక్కడి ప్రత్యేకత. పందెం తెల్లవారుజామునే గనుక ముందురోజే చేరుకోవాలి.

పూర్తి మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్సులో ఆ దూరం పరుగెత్తించారు. 1921లో అదే ఖాయమయింది. మన లెక్కలో ఇంచుమించు సూర్యాపేట బస్టాండు నుంచి కోదాడ దాకా! ఆ మాట వినగానే కొత్తవాళ్ళకు ఒక రకమైన సరదా పుడుతుంది. ఆ సరదా రెండేండ్లు దాచుకోండి.

తొలిపందెంలో కొత్త బూట్లు, కొత్త బట్టలు, కొత్త తిండి, కొత్త వేగం ఈ నాలుగూ నిషిద్ధం. ముందురాత్రి వేళకు అన్నం పప్పు తిని పడుకోండి. నిద్ర సరిగ్గా పట్టకపోయినా కంగారుపడకండి. ఆ రాత్రి చాలామందికి పట్టదు. పరుగుకు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో చాలు. నంబరు కాగితాన్ని నాలుగు పిన్నులతో చొక్కా ముందు భాగాన తగిలించుకోండి. వరసలో వెనకభాగాన నిలబడండి. ముందు నిలబడితే వేగం మీది కాదు, పక్కవాళ్ళది అవుతుంది. మొదటి కిలోమీటరు "మరీ నెమ్మదిగా పోతున్నానే" అనిపించాలి. చివరి కిలోమీటరులో, ముందు దూకినవాళ్ళు ఒక్కొక్కరే మీ వెనక్కు వస్తారు. ఆ ఆనందం అనుభవించి తెలుసుకోవలసినదే. గీత దాటగానే కూలబడకుండా పది నిమిషాలు నడవండి.

చెకోస్లోవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ 1952 హెల్సింకి ఒలింపిక్సులో 5000, 10000 మీటర్ల పరుగులు గెలిచి, ఆ తరవాత మారథాన్‌లోనూ దిగాడు. మారథాన్ ఆయనకు అదే మొదటిసారి. దారిలో, ఆనాటి మేటి అయిన ఇంగ్లీషువాడు జిమ్ పీటర్స్‌ను పలకరించి, ఈ వేగం సరిపోతుందా అని అమాయకంగా అడిగాడంటారు. పీటర్స్ మధ్యలో విరమించుకున్నాడు. జాటోపెక్ గెలిచాడు. తొలిపందెమే గాని, దాని వెనక ఏండ్ల సాధన ఉన్నది. పంజాబులో పుట్టి లండనులో స్థిరపడిన ఫౌజా సింగ్ తన మొదటి మారథాన్‌కు దిగేనాటికి ఎనభై దాటి చాలా ఏండ్లయింది. 2000లో లండన్ మారథాన్ పరుగెత్తాడు. 2011లో, నూరేండ్ల వయసువాడుగా లెక్కకు వచ్చి, టొరంటోలో మరో మారథాన్ పూర్తిచేశాడు. 2025 జులైలో స్వగ్రామం దగ్గర రోడ్డు దాటుతుండగా వాహనం ఢీకొని మరణించాడు గాని, కాళ్ళు ఆయనను చివరిదాకా మోసం చేయలేదు.

మన వైపు పరుగును ఉరుకుడు అంటాం. ఉరికేవాడికి ఊపిరి ముఖ్యం, ఊపిరికి ఓపిక ముఖ్యం. గడియారాన్ని రేపు అయిదింటికి పెట్టుకోండి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అంతకంటే ఎక్కువ మొదటి రోజు చేయకపోవడమే మొదటి పాఠం.